కమర్‌తాజ్ ప్రిన్సిపాల్ గారికి, లోకల్ కోటా విషయమై

కమర్‌తాజ్ ప్రిన్సిపాల్ గారికి,
హిమాలయాల్లో ఎక్కడో ఒకచోట.

అయ్యా,

మార్వెల్ కామిక్స్‌లో మంత్రవిద్య నేర్పే మీ సంస్థ పిన్‌కోడ్ దొరకనందున ఈ ఉత్తరాన్ని బహిరంగంగానే రాస్తున్నాను.

1963లో స్ట్రేంజ్ టేల్స్ అనే అమెరికన్ కామిక్ పుస్తకం సాక్షిగా మీ గురువుగారు ఒక సర్జన్‌ని శిష్యుడిగా చేర్చుకున్నారు. కారు ప్రమాదంలో అతని చేతులు పాడయ్యాయి గానీ పొగరు చెక్కుచెదరలేదు. అలాంటివాడికి ఎంట్రన్సూ లేదు, కౌన్సెలింగూ లేదు. ఆ డాక్టర్ స్ట్రేంజ్ ఇప్పుడు మా వీధి పిల్లలకు కూడా తెలుసు.

నా అభ్యంతరం ఆయన మీద కాదు, మీలాంటి కామిక్ గురుకులాల అడ్మిషన్ రిజిస్టర్ మీద. 1939లో అమేజింగ్ మ్యాన్: శిక్షణ టిబెట్‌లో, వీరుడు తెల్లవాడు. 1940లో గ్రీన్ లామా: టిబెట్‌లో చదివొచ్చిన అమెరికన్ ధనవంతుడు. 1961లో డాక్టర్ డ్రూమ్: ఈయనకు శక్తులతోపాటు కళ్లూ మీసమూ కూడా ఆసియావాళ్లవిలా మారిపోయాయి. యూనిఫాం మొహానికే తొడిగారన్నమాట. సరే, దారితప్పి విలన్ అయిన మీ శిష్యుడు బారన్ మోర్డో అయినా మనవాడేమో అని చూస్తే, ఆయనదీ ట్రాన్సిల్వేనియా! చెడిపోవడానికైనా ఒక్క లోకల్ కుర్రాడికి అవకాశం ఇవ్వలేదు కదండీ. తరతరాలుగా గురువుగారి సేవలో ఉన్న కుటుంబంలోని వాంగ్‌కి మీరిచ్చింది టీ ట్రే. న్యూయార్క్‌లో 177ఎ, బ్లీకర్ స్ట్రీట్‌లోని స్ట్రేంజ్ ఇంట్లో తలుపు తీసేదీ ఆయనే, వండి పెట్టేదీ ఆయనే. మా దగ్గర కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. మీరు ఆ లెక్క ఎటునుంచి చదివారో!

తప్పంతా బొమ్మలు గీసినాయనదే అంటారేమో. స్టీవ్ డిట్కో మీద మాట పడనివ్వను. మంత్రం వేసేటప్పుడు స్ట్రేంజ్ చేయి ఒకసారి చూడండి. నడిమి వేలూ ఉంగరం వేలూ లోపలికి మడిచి, చూపుడు వేలూ చిటికెన వేలూ చాచి ఉంటాయి. బౌద్ధ విగ్రహాల్లో దుష్టశక్తుల్ని తరిమే కరణ ముద్ర దాదాపు ఇదే. మా కూచిపూడి పిల్లలు పట్టే సింహముఖ హస్తానికీ దీనికీ బొటనవేలంత తేడా. ఆ హస్తానికి శాస్త్రం చెప్పిన వినియోగాల్లో వైద్యులు మందు పాకాన్ని పరీక్షించడం కూడా ఒకటి. డాక్టరుగారికి అంతకన్నా అతికే ముద్ర ఏముంది? డిట్కోకి ఇదంతా తెలుసని నేననను. అదే చేతిని ఆయన స్పైడర్ మ్యాన్‌కీ తగిలించి సాలెదారం విసిరించాడు.

1965లో ఎటర్నిటీ అనే పాత్రను గీశాడు. మనిషి ఆకారానికి చుట్టూ గీత, లోపలంతా గ్రహాలూ నక్షత్రాలూ. అమెరికా కుర్రాళ్లకు మతిపోయింది. యశోదమ్మయితే ‘కలయో, వైష్ణవ మాయయో’ అనడం కూడా దండగనుకుని, ‘మావాడి నోట్లో చూశాంలే’ అంటూ పెరుగు చిలుక్కునేది.

అదే ఏడాది అక్టోబర్ 16న శాన్ ఫ్రాన్సిస్కోలో లాంగ్‌షోర్‌మెన్స్ హాల్లో డాక్టర్ స్ట్రేంజ్ పేరు మీద డాన్సు పెట్టారు, జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే రాక్ బృందం వాయించింది. కాలిఫోర్నియాలో ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందు ఇంకా నేరం కాని రోజులు. ఇలాంటి బొమ్మలు గీసేవాడు ఏదో ఒకటి పుచ్చుకోకుండా ఉంటాడా అని చాలామంది అభిమానుల అనుమానం. ఆయనేమో అమెరికన్ రచయిత్రి ఐన్ రాండ్ భావాల శిష్యుడు, తర్కం తప్ప ఇంకో దేవుణ్ణి ఒప్పుకోని మనిషి. సిరా ఆయనది, మత్తు చదివినవాళ్లది.

ఇక ఆ కుర్రకారు భక్తి సంగతి. టిబెట్‌లో చనిపోయినవాడికి దారి చూపడానికి చదివే గ్రంథాన్ని అమెరికన్ మానసిక శాస్త్రవేత్త తిమోతీ లియరీ మిత్రులతో కలిసి 1964లో ఎల్‌ఎస్‌డి వాడకానికి గైడుగా మార్చేశాడు. 1967 చివర్లో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ రికార్డు అట్ట మీద మన విశ్వరూపం క్యాలెండర్ బొమ్మకి ఆయన తల అతికించారు. ఆ అట్ట ఆయనకే నచ్చలేదు పాపం! మరుసటి ఏడాది పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం రికార్డు అట్ట మీదికి మీ స్ట్రేంజే ఎక్కాడు.

అసలు విషయానికొస్తాను. మండలాల (ఎమ్మార్వో మండలాలు కాదు, బౌద్ధుల ధ్యాన చిత్రాల) సిలబస్ మాది. బుద్ధుడు కాలచక్రం అనే తంత్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని టిబెట్ సంప్రదాయమే చెబుతుంది. అంటే అమరావతి పక్కన మా ధరణికోట. 2006 జనవరిలో దలైలామా గారు స్వయంగా అమరావతి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. ఆ క్రతువులో లామాలు రంగుల ఇసుకతో రోజుల తరబడి మండలం వేసి, పనయ్యాక చెరిపేస్తారు. మేమైతే పైన షెడ్డు వేసి టికెట్ పెట్టేవాళ్లం.

2016 డాక్టర్ స్ట్రేంజ్ సినిమాలో మీరు మకాం ఖాట్మండుకి మార్చి, గురువు పోస్టును కూడా తెల్ల దొరసాని టిల్డా స్వింటన్‌కి ఇచ్చేశారు. వాంగ్‌కి లైబ్రేరియన్‌గా ప్రమోషన్ వచ్చింది, సంతోషం. 2021 సినిమాకల్లా సర్వోన్నత మాంత్రికుడి పదవీ దక్కింది. ఎందుకయ్యా అంటే, స్ట్రేంజ్ 5 ఏళ్లు మాయమైపోయాడు కాబట్టి! దీన్ని మావాళ్లు ఇన్‌ఛార్జి అంటారు. ఆ ఇన్‌ఛార్జి గారు సీట్లో ఉండగానే నా దరఖాస్తు మీద సంతకం పెట్టించగలరు.

అభ్యర్థి మా అక్క కొడుకు. ఊరు ధరణికోట దగ్గరే, లోకల్ కింద రాసుకోండి. చేతులు రెండూ బాగానే ఉన్నాయి, కారు లేదు. ఇందువల్ల సీటు రాదంటే ముందే కబురు పెట్టండి, ఈఏపీసెట్ ఫీజు కట్టేస్తాం.

ఇట్లు,
అభ్యర్థి మేనమామ