మెట్లదారిని అడవిలో కలిపే విధానం

ఆత్మకూరు పక్క వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం పోయే కాలిబాట ఒక పరిపాలనా లోపం. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దపు మనిషి. టెండర్లు లేవు, సవరించిన అంచనాలు లేవు. పని పూర్తయిపోయింది. ఇంత పెద్ద పొరపాటును సరిదిద్దే బాధ్యత మన తరం మీద పడింది.

ముందు రోడ్డేయాలి. అది ఎప్పుడో అయింది. ఆత్మకూరులో బస్సెక్కినవాడు తూర్పున దోర్నాల దాకా పోయి, అక్కడ ఉత్తరానికి తిరిగి కొండెక్కుతాడు. నడిచేవాళ్ళలో మొక్కున్నవాళ్ళే మిగులుతారు.

ఆ తర్వాత ఏమీ చేయకూడదు. మనవాళ్ళు నిష్ఠగా చేసే పని ఇదొక్కటే. మెట్ల పైవాలున నీళ్ళు పోయే కాలవలో రెండేళ్ళు రాలిన ఆకు ఎత్తకుంటే చాలు. కాలవ పూడి, వాననీళ్ళు మెట్ల మీదికి మళ్ళుతాయి. బండ అట్లే ఉంటుంది, దాని కింది గరుసు మాత్రం కొట్టుకుపోతుంది. ఓ మూల డొల్లయి, కాలు పెడితే ఊగుతుంది. ఇంకో వానకు ఒరుగుతుంది. జనం దాన్ని తప్పించుకుని అంచు మట్టిలో నడుస్తారు, ఆ జాడలోనే మరుసటి ఏడు నీళ్ళు పారి గండి పడుతుంది. మిగిలింది వెదురూ కంపా చూసుకుంటాయి. ఒక్క కూలీ ఖర్చు లేదు.

ఇంత చేసినా ఉగాదికి కన్నడ భక్తులు వచ్చేస్తారు. భ్రమరాంబ వాళ్ళింటి ఆడబిడ్డ మరి! కొందరు మరకాళ్ళ మీద, అంటే కాళ్ళకు కట్టుకున్న పొడుగు కర్రల మీద కూడా వస్తారు. అప్పుడు సమావేశాలు, ట్యాంకర్లు, ప్లాస్టిక్ నిషిద్ధమన్న బోర్డులు. ఆ బోర్డు నీడనే నీళ్ళ ప్యాకెట్లు పంచుతారు. పండగ దాటగానే అందరికీ పులి గుర్తొస్తుంది. అభయారణ్యంలో మనిషి రాకపోకలు తగ్గాల్సిందే, కాదనేవాడు లేడు. కాకుంటే కాలవలో ఆకు తీయొద్దని పులి అర్జీ పెట్టుకున్నట్టు మాత్రం యాడా వినలేదు.

మరమ్మతు తప్పనిసరైతే జాగ్రత్త. బండ లేపి, కింద గులకరాళ్ళు దట్టించి, కాలవను మూరెడు లోతు తీసి, వాలుకు అడ్డంగా ఏటవాలు రాళ్ళు పాతి నీళ్ళను పల్లానికి తోస్తే దారి మళ్ళీ నిలబడిపోయే ప్రమాదముంది. నీళ్ళు ఎటు పారతాయో పెచ్చెరువు చెంచులకు తెలుసు, కనుక వాళ్ళను అసలు అడగొద్దు. సిమెంటు పోయించడమే శ్రేయస్కరం. నీళ్ళు ఇంకవు, అంచు కింద కోసుకుపోతాయి, పలక విరుగుతుంది. వచ్చే ఉగాదికి అదే చోట అదే పనికి కొత్త బిల్లు పెట్టుకోవచ్చు.