‘క్యూఎస్ టాప్ 200లో సీటు గ్యారంటీ’ అట!

పొద్దున్నే హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఓ కన్సల్టెన్సీ ఫ్లెక్సీ వెలిసింది. అక్కడికి కూతవేటు దూరంలో వందేళ్లు దాటిన ఉస్మానియా ఉంది. దాని సంగతెత్తితే మాత్రం మనోళ్లది ఒకటే పాట: ‘అక్కడేముంది, ధర్నాలు తప్ప!’

ప్రపంచ యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే ఈ క్యూఎస్ వాళ్లు మార్కులెలా వేస్తారో ఆ ఫ్లెక్సీ కట్టించినాయనకు తెలుసా? నూటికి 30 అకడమిక్ రెప్యుటేషన్‌కే, అంటే ప్రొఫెసర్లలో ఉన్న పేరుకే. మొన్నమొన్నటిదాకా 40! మీ రంగంలో మంచి యూనివర్సిటీలేవని ప్రొఫెసర్లకు సర్వే పంపుతారు. పెళ్లిసంబంధానికి ఇరుగుపొరుగును వాకబు చేసినట్టు. పేరున్నోడికే పేరు. మీవాడు చేరే ల్యాబ్‌లో ఎన్‌ఎంఆర్ (అణువుల నిర్మాణం తేల్చే మెషీన్) నడుస్తోందా, చల్లబరిచే హీలియం టైముకు నింపక దాని మాగ్నెట్ క్వెంచ్ అయి, అంటే వేడెక్కి శక్తి పోయి, మూలన పడిందా అనేది ఏ ర్యాంకూ చెప్పదు.

కేంద్రం ఇచ్చే మన ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పర్సెప్షన్‌కు, అంటే జనంలో ఉన్న పేరుకు, 10 మార్కులే, సంతోషం. కానీ పోస్టులు నింపకపోతే టీచింగ్ 30లో కోత. గైడ్ రిటైరైతే కొత్త స్కాలర్లుండరు, పేపర్లుండవు, రీసెర్చ్ 30లో ఇంకో కోత. నింపనిది సర్కారు, పరువు పోయేది యూనివర్సిటీది. భలే న్యాయం!

పీహెచ్‌డీకి చేరేవాళ్లు ర్యాంకు పక్కన పెట్టి మన దేశపు థీసిస్‌లన్నీ పెట్టే వెబ్‌సైట్ శోధ్‌గంగలో గైడ్ పేరు కొట్టండి. ఐదేళ్లలో ఎన్ని థీసిస్‌లు బయటికొచ్చాయి? ఒక్కోదానికి ఎన్నేళ్లు పట్టింది? ఆయన రిటైర్మెంట్ ఎప్పుడు? పరికరాలకు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఉందా? చివరిది ల్యాబ్ అటెండర్నడగండి, ప్రొఫెసర్‌ను కాదు.

ఇంకో మంట ఉంది, పాతదే. ఎన్‌ఐఆర్‌ఎఫ్ లెక్కించేది స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ పేపర్ల జాబితాల్లోకి ఎక్కినవాటినే. మరి తెలుగులో చేసిన పరిశోధన? భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఓయూ లింగ్విస్టిక్స్ శాఖను నిలబెట్టారు, తర్వాత హెచ్‌సీయూకి (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి) వీసీ అయ్యారు. రైతుల నోట నాగలి భాగాల పేర్లు ఏరించి మాండలిక వృత్తిపదకోశం తెచ్చారు. ఆ పని ఇవాళ తెలుగులో చేస్తే ర్యాంకు ఖాతాలో గుండుసున్నా. దేశభాషలో పైచదువులు చెబుతామని 1919లో ఉస్మానియాలో తరగతులు మొదలెట్టిన ఊరు మనది! (ఉర్దూలో లెండి. తెలుగుకు అప్పుడూ చోటు లేదు, అది వేరే పంచాయితీ.)

అన్నట్టు, ఆ ఫ్లెక్సీ నెత్తిన పెద్దక్షరాల్లో ‘విధేశీ విధ్య’ అని ఉంది. రెండు మాటలు, రెండు తప్పులు.