పాలసీసా దాకా ఆగితే ఆలస్యమే

పసిపిల్లల పాలసీసాల్లో పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ వాడకూడదని మన దేశ ప్రమాణాలు 2015 నుంచీ చెబుతున్నాయి. మంచి నిర్ణయమే. కానీ బిడ్డ పాలసీసా పట్టేసరికే మెదడు నిర్మాణంలో అతి సున్నితమైన దశ ఒకటి కడుపులోనే గడిచిపోతుంది. హార్మోన్లను, మెదడును దెబ్బతీసే రసాయనాల విషయంలో మన జాగ్రత్తలన్నీ ఆ తర్వాతే మొదలవుతున్నాయి.

సుమారు 12 వారాల దాకా పిండం సొంతంగా థైరాయిడ్ హార్మోను తయారు చేసుకోలేదు. గర్భకాలం సగం గడిచేదాకా ప్రధానంగా తల్లి హార్మోనే దిక్కు. పుట్టిన చోటి నుంచి నాడీకణాలు తమ స్థానానికి చేరాలంటే అది ఉండాల్సిందే. బాణసంచాలో వాడే పెర్‌క్లోరేట్, పొగాకు పొగ వల్ల ఒంట్లో పెరిగే థయోసయనేట్ ఆ హార్మోను తయారీకి కావాల్సిన అయోడిన్ థైరాయిడ్ గ్రంథిలోకి వెళ్లకుండా అడ్డుపడతాయి. పాలీకార్బొనేట్ తయారీలో వాడే బీపీఏ (బిస్ఫినాల్-ఎ), స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్‌ను అందుకునే కణాల్లోని గ్రాహకాలకు అతుక్కుంటుంది. హార్మోన్లు పనిచేసేదే అత్యల్ప మోతాదుల్లో కాబట్టి ‘కొంచెమే కదా’ అన్న ధీమా ఇక్కడ చెల్లదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో బీపీఏ రోజువారీ పరిమితిని కిలో శరీర బరువుకు 4 మైక్రోగ్రాముల నుంచి 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు తగ్గించింది.

2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఎంత ప్రమాదకరమో విశాఖ చూసింది. కానీ ప్లాస్టిక్‌ నుంచి తిండిలోకి దిగే రసాయనాలకు వాసన ఉండదు, సైరన్ మోగదు. పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా ఏ టిఫిన్ సెంటర్ దగ్గరైనా చూడండి: పొగలు కక్కే సాంబారును పల్చటి కవర్లో పోసి, మూతి బిగించి, రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. వేడి, నూనె, పులుపు మూడూ కలిస్తే ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు ఆహారంలోకి దిగడం సులువవుతుంది. రీసైకిల్ చేసిన కవరైతే అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. స్టీలు క్యారేజీ తీసుకెళ్లడమే దీనికి సరైన మందు. బీపీఏ, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు ఒంట్లో చేరినా చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. అలవాటు మారితే ఫలితం వారంలోపే మొదలవుతుంది.

సీసం అలా కాదు. ఎముకల్లో దశాబ్దాలు దాక్కుని, గర్భంలో బిడ్డ కోసం కాల్షియం కరిగినప్పుడు దాంతోపాటే రక్తంలోకి వస్తుంది. ఇత్తడి గిన్నెలకు వేసే కళాయి స్వచ్ఛమైన తగరమై ఉండాలి. ఖర్చు తగ్గించడానికి అందులో సీసం కలిస్తే చింతపండు పులుసు దాన్ని కరిగిస్తుంది. నమ్మకం లేని కళాయి గిన్నెలో పులుసు కాచకండి, రాత్రంతా అసలే ఉంచకండి.

ఫిషింగ్ హార్బర్‌లో చేప కొనే గర్భిణి సొర మానేసి కవ్వళ్లు, నెత్తళ్లు తీసుకుంటే ఒంట్లో చేరే పాదరసం బాగా తగ్గుతుంది. మెదడుకు కావాల్సిన కొవ్వులూ అందుతాయి. చేప పూర్తిగా మానేయమనడం తప్పుడు సలహా.

మాల్స్‌లో బిల్లింగ్ కౌంటర్ల దగ్గర పనిచేసే గర్భిణుల గురించి ఎవరూ మాట్లాడరు. బిల్లులు ముద్రించే థర్మల్ కాగితంపై పూతగా ఉండే బీపీఏ, శానిటైజర్ రాసుకున్న తడి చేతుల్లోంచి మరింతగా లోపలికి వెళ్తుంది. వారికి చేతి తొడుగులివ్వడం యాజమాన్యాల బాధ్యత కావాలి. నగరపాలక సంస్థ తనిఖీలు కూడా దుకాణాల క్యారీ బ్యాగుల దగ్గరే ఆగకుండా వేడి పార్సిళ్ల దాకా రావాలి. గర్భం నమోదైన రోజే ఆశా కార్యకర్త వంటగిన్నెల గురించి, చేసే పని గురించి అడగాలి. ఇనుము, కాల్షియం లోపం ఉన్న ఒళ్లు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి, ఆ మాత్రలు ఇవ్వడంతో సరిపెట్టకుండా వేసుకుంటున్నారో లేదో కూడా చూడాలి.