సవరణ: ఇంటర్వెళ్లు కలిసినంత మాత్రాన తేడా లేనట్టు కాదు

రెండు రొయ్యల చెరువుల సగటు బరువులు పోల్చడం గురించి రాస్తూ, విడివిడిగా వేసిన 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెళ్లు (చెరువు అసలు సగటు ఉండొచ్చని 95 శాతం నమ్మకంతో వేసే హద్దులు) ఒకదాని మీదికొకటి వస్తే తేడా లేనట్టేనన్నాం. అది తప్పు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు ఆ మాట పట్టుకుని మేత మార్చేవాళ్లు కూడా ఉండొచ్చు కాబట్టి లెక్కతో సహా సరిచేస్తున్నాం.

అంకెలు ఉదాహరణకే. ఒక్కో చెరువులో 36 రొయ్యలు తూచారనుకుందాం. సగటులు 18.4, 16.8 గ్రాములు, రెండు చోట్లా స్టాండర్డ్ డీవియేషన్ (బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 3. విడిగా వేస్తే 17.4–19.4, 15.8–17.8. కొంచెం కలిశాయి. కానీ చూడాల్సింది తేడాకు వేసే ఇంటర్వెల్. ఒక్కో సగటు స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ సగటులో ఉండే ఊగిసలాట, డీవియేషన్‌ను 36 వర్గమూలంతో భాగిస్తే వస్తుంది: 3÷6, అంటే 0.5. ఈ రెండింటినీ నేరుగా కూడకూడదు, అసలు పొరపాటు అక్కడే. వర్గాలు కూడి వర్గమూలం తీయాలి: 0.25+0.25కి మూలం 0.71. దాన్ని 95 శాతానికి పట్టికలో దొరికే టీ విలువ 1.99తో గుణిస్తే 1.41. తేడా 1.6కి అటూ ఇటూ వేస్తే 0.19 నుంచి 3.01. సున్నా అంటే తేడా లేదని. అది అందులో లేదు కాబట్టి తేడా ఉంది.

విడి ఇంటర్వెళ్లు అసలు కలవకపోతే తేడా ఉన్నట్టేనన్న మాట మాత్రం నిలుస్తుంది. డీవియేషన్లు బాగా వేరైతే, వాటిని సమానమనుకోకుండా లెక్కేసే వెల్చ్ పద్ధతి వాడండి.

మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పక్కన ఒకే విసురుకు పడ్డ రొయ్యలతో ఈ లెక్క వేయకండి. నాలుగు మూలలా, నడిమధ్యా వల విసరాలి. ఒక్కో మేతకు ఒక్కో చెరువే ఉంటే, వచ్చిన తేడా చెరువులదే. అది మేత వల్లేనని చెప్పలేం. ఎన్ని రొయ్యలు తూచినా మేతకు శాంపిల్ ఒకటే, ఆ ఒక్క చెరువే.