నాబుకో దీపం

పళ్లు తోముకునే బ్రష్షుకు దీపం వచ్చింది. నీళ్లు కాచే కెటిల్‌కు వచ్చింది. శబ్దం ఎంత, దాని తీరు ఎలా అన్నది తిప్పి మార్చే ఎలక్ట్రిక్ గిటారు నాబులు మాత్రం చాలావరకు ఇంకా చీకట్లోనే మగ్గుతున్నాయి. 1952లో గిబ్సన్ సంస్థ లెస్ పాల్ గిటారును తెచ్చి నాలుగు నాబులు బిగించింది. 1954లో ఫెండర్ వారు స్ట్రాటోకాస్టర్‌కు మూడు పెట్టారు. ఇంత చేసిన పెద్దలకు ఒక్క దీపం తోచలేదు. తరతరాల గిటారిస్టులు ఏ నాబు ఎంతలో ఉందో తెలుసుకోవడానికి చెవుల మీద ఆధారపడవలసి వచ్చింది. సంగీతం విషయంలో చెవులను నమ్మడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

అందుకే ప్రతి నాబు చుట్టూ చిన్న ఎల్‌ఈడీలు అమర్చాలన్న ఉద్యమానికి నా సంపూర్ణ మద్దతు. కొందరు ఛాందసులు చిటికెన వేలితో, చూడనైనా చూడకుండా వాల్యూమ్ తిప్పేస్తుంటారు. సున్నాలో పెట్టి తీగ మీటి, మెల్లగా పెంచుతూ వయొలిన్‌లాంటి నాదం పుట్టిస్తారు. ఇంత గుట్టుగా చేసే పనిని కళ అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఇక దీపం ఏం చెప్పాలన్నది తేలాలి. నాబును సరిగ్గా మధ్యకు తిప్పామనుకుందాం. సగం దీపాలు వెలగాలి కదా? కానీ నాబు కింద ఉండి దాని తిప్పుడుకు తగ్గట్టు సిగ్నల్‌ను పెంచి తగ్గించే భాగాన్ని పాట్ అంటారు; ఆడియో రకం పాట్‌లో మధ్యకు వచ్చేసరికి బయటికి అందే సిగ్నల్ దాదాపు 10 నుంచి 20 శాతమే. మన చెవి తీరుకు తగ్గట్టు కావాలనే అలా చేశారట. మళ్లీ చెవే! దీపం నాబు మాట వినాలా, పాట్ మాట వినాలా అన్నది ఒక సంఘం కూర్చుని తేల్చవలసిన విషయం. స్ట్రాటోకాస్టర్ పాత పద్ధతి వైరింగులో బ్రిడ్జి (తీగలు కింది కొసన ఆనే భాగం) పక్కనున్న పికప్‌కు, అంటే తీగల కంపనాన్ని అందుకునే పరికరానికి, అసలు టోన్ నాబే (నాదం తీరు మార్చేది) లేదు. దానికీ ఒక దీపం పెట్టి, నాబు లేదన్న సంగతి తెలియజేయాలని నా వినతి.

పైగా నాబులు ఉండేది గిటారు ముఖం మీద. వాయించేవాడు మెడ వంచితే తప్ప అవి సరిగ్గా కనబడవు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు మాత్రం చక్కగా కనిపిస్తాయి. టోన్ నాలుగులో ఉందని వెనక వరుస శ్రోతకు కూడా తెలిసిపోతుంది. పాపం, ఇన్నేళ్లూ ఆయన ఈ సమాచారం లేకుండానే చప్పట్లు కొట్టాడు.

నేను మాటలతో సరిపెట్టే మనిషిని కాను. నా గిటారు వెనక మూత విప్పాను. మామూలు పికప్ బ్యాటరీ అడగదు: అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నని రాగి తీగ, అంతే. ఎదురుగా ఉక్కు తీగ కంపిస్తే చాలు, కొద్దిపాటి కరెంటు అదే పుడుతుంది. ఏమీ అడగకుండా పనిచేస్తున్నదాన్ని చూస్తే జాలి వేసి, పక్కనే 9 వోల్టుల బ్యాటరీ ఇరికించాను. వాల్యూమ్ నాబు చుట్టూ ఎర్రటి దీపాలు వెలిగాయి. యాంప్లిఫయర్ పెట్టగానే అందులోంచి సన్నగా, దోమ చెవి దగ్గర తిరిగినట్టు ఒక కూత. దీపాల వెలుగును అదుపు చేయడానికి అవి సెకనుకు కొన్ని వందల సార్లు ఆరి వెలుగుతుంటాయి. ఆ విద్యుత్ అలజడే పికప్ తీగల్లోకి పాకిందన్నమాట. ఆ కూత శ్రుతి మాత్రం ఎక్కడా తప్పలేదు. ఆ మాటకొస్తే, ఆ సాయంత్రం గిటారులో శ్రుతి తప్పనిది అదొక్కటే.

వారం తిరగకుండానే బ్యాటరీ అయిపోయింది. గిటారు జాక్ లోంచి కేబుల్ తీయడం మరచిపోయాను; అది ఉన్నంతసేపూ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. బ్యాటరీ ఎంత మిగిలిందో చూపడానికి ఇంకో దీపం ఉండవలసింది. మిత్రుడొకడు వచ్చి గిటారు అందుకుని తీగ మీటాడు. దోమ కూత లేకుండా, నిండుగా, తేటగా మోగింది.

"దీపాలు వెలగడం లేదు, ఆపు," అన్నాను. "పాడైపోయినట్టుంది."