తిన్నేదు, తాగేను

మా నాన్నకి డెబ్బై నాలుగు. ఎముకలు గుల్లబారాయని మూడు నెలలుగా ఆదివారం ఆదివారం ఓ మాత్ర వేసుకుంటున్నారు. అది పనిచేస్తోందో లేదో స్కాన్‌లో తేలాలంటే ఏడాదైనా ఆగాలి, రక్తంలో అయితే ఇప్పుడే తెలుస్తుందని డాక్టరు సీటీఎక్స్ పరీక్ష రాశారు. ఎముక అరిగినప్పుడు రక్తంలోకి రాలే కొల్లాజెన్ ముక్కల లెక్క అది. గోడ ఎంత పెచ్చులూడుతోందో నేల మీది సున్నం చూసి చెప్పినట్టన్నమాట. చీటీలో 'పొద్దున్నే, పరగడుపున' అని రాసి కింద రెండు గీతలు కూడా గీశారు.

విజయనగరం గంటస్తంభం దగ్గర ల్యాబ్‌కి ఏడింటికల్లా వెళ్ళాం.

"ఏమైనా తిన్నారా తాతగారూ?" అంది సూది పట్టుకున్న అమ్మాయి.

"ఏటీ తిన్నేదమ్మా" అన్నారు నాన్న, హరిశ్చంద్రుడి మొహం పెట్టి.

అంతలో తేన్పు వచ్చింది. మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ... చోడి (రాగి) అంబలి అని ల్యాబంతటికీ తెలిసిపోయింది.

"నాన్నా!"

"తిన్నారా అనడిగింది, తిన్నేదన్నాను. తాగేరా అనడిగిందేటి? పరీక్షకెళ్ళే గుంటడికి పెరుగన్నం పెట్టి పంపమా? ఎముకలకి పరీక్షంటే చోడి పడొద్దేటి?"

అమ్మాయి సూది పక్కన పెట్టేసింది. కడుపులో ఏదైనా పడితే సీటీఎక్స్ అంకె తగ్గిపోతుందట. మందు పనిచేయకపోయినా చేసినట్టే కనబడుతుందట.

నాన్న మొహం వెలిగింది. "తగ్గితే మంచిదే కదా! ఉండమ్మా, ఇంకో గ్లాసు తాగొస్తాను."

ఆ రాత్రి అమ్మ అంబలి గిన్నెని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆవిడ గొలుసు మాత్రం టీవీ మీదే ఉంది.

మర్నాడు ఆ అమ్మాయీ జాగ్రత్తపడింది. "తిన్నారా? తాగారా? నాకారా? చప్పరించారా?" అన్నిటికీ లేదన్నారు నాన్న. ఈసారి నిజమే.

"మాత్రలేమైనా వాడుతున్నారా?"

నాన్న గర్వంగా జేబులోంచి సీసా తీశారు. "కాల్షియం. మా కోడలు ఫ్రిజ్ మీద పెట్టింది. నేనే రోజుకి రెండేసి వేసుకుంటన్నాను."

అమ్మాయి సీసా మీది అక్షరాలు చదివింది. నాన్న నున్నటి గుండు వైపు చూసింది. మళ్ళీ చదివింది.

"ఇది బయోటిన్ తాతగారూ. జుట్టు కోసం."

ఆ మాత్ర ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొన్ని మెషిన్లు తప్పు అంకెలు చూపిస్తాయట. రెండు రోజులు మానేసి రమ్మంది.

నాన్న నెత్తి తడుముకుంటూ లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"మానేస్తే ఉన్న నాలుగూ రాలిపోవు కదమ్మా?"