ప్యాకెట్‌లో ఏముందో అమ్మేవాడికీ తెలియదు

2017 జూలైలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో వరుస మరణాలు చూసి పోలీసులు, అనుమానాస్పద మరణాలను విచారించే చీఫ్ కరోనర్ కలిసి ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. చనిపోయినవాళ్లు పీల్చింది సింథటిక్ గంజాయి, అంటే ల్యాబ్‌లో తయారుచేసిన మత్తు రసాయనం చల్లిన ఎండుటాకు. ఆ మరణాల్లో బయటపడిన ప్రధాన రసాయనం ఏఎంబీ-ఫ్యూబినాకా. అంతకు ఏడాది ముందు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒకేసారి 33 మందిని ఒళ్లు తెలియని స్థితిలోకి నెట్టింది కూడా అదే.

‘గంజాయి లాంటిదే, టెస్టుల్లో దొరకదు’ అని చెప్పి ఈ సింథటిక్ గంజాయిని అంటగడతారు. మొదటి మాట పచ్చి అబద్ధం. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ, మెదడు కణాల మీద ఆ మత్తును అందుకునే సీబీ1 గ్రాహకాలను కొంతవరకే ప్రేరేపిస్తుంది, ఈ రసాయనాలు పూర్తిగా ప్రేరేపిస్తాయి. ఏఎంబీ-ఫ్యూబినాకా శక్తి టీహెచ్‌సీ కంటే దాదాపు 85 రెట్లు ఎక్కువని బ్రూక్లిన్ ఘటనను పరిశోధించినవారు తేల్చారు. మూర్ఛలు, గుండె లయ తప్పడం, పక్షవాతం, కిడ్నీలు దెబ్బతినడం, మతి చలించడం, ఉన్నట్టుండి ప్రాణం పోవడం దీని ఫలితాలే. రెండో మాట చాలావరకు నిజం. మామూలు మూత్రపరీక్షలో ఇవి పట్టుబడవు. ఆస్పత్రికి తెచ్చిన మనిషి ఏం పీల్చాడో డాక్టర్‌కు వెంటనే తెలియదు.

తయారీ విధానమే భయం పుట్టిస్తుంది. రసాయనపు పొడిని ఎసిటోన్ లాంటి ద్రావకంలో కరిగించి ఎండుటాకుల మీద చల్లుతారు. అది ఒకచోట పల్చగా, ఇంకోచోట చిక్కగా అంటుకుంటుంది. నిన్న ఏమీ కాలేదన్న ధైర్యంతో అదే ప్యాకెట్‌లోంచి ఇవాళ ఇంకో చిటికెడు తీసుకున్నవాడు లేవకపోవచ్చు. 2018లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఈ సరుకులో ఎలుకల మందు బ్రోడిఫాకమ్ కలిసింది. 150 మందికి పైగా రక్తస్రావంతో ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఆ విషం ఒంట్లోంచి పోయేదాకా బాధితులకు వారాలు, నెలల తరబడి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్-కె ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడిది వేప్‌లలోకీ (ఈ-సిగరెట్లలోకీ) చేరింది. ఇంగ్లండ్‌లో స్కూలు పిల్లల దగ్గర స్వాధీనం చేసుకున్న వేప్‌లను బాత్ యూనివర్సిటీ పరీక్షిస్తే, సుమారు ఆరింట ఒకదానిలో ఈ రసాయనం కనిపించిందని 2024లో ప్రకటించింది. ఆ వేప్‌లు దగ్గర ఉంచుకున్న పిల్లలు చాలామంది లోపల ఉన్నది టీహెచ్‌సీ అనుకుని ఉంటారు.

నిషేధం వద్దని మేం అనడం లేదు. కానీ ఒక్కో రసాయనాన్నీ పేరు పెట్టి నిషేధించేలోపు ల్యాబ్‌లో అణువును కాస్త మార్చి కొత్తది దించుతున్నారు. యూరప్ సంస్థలు ఇప్పటిదాకా గుర్తించిన రకాలే 200కు పైగా ఉన్నాయి. చైనా 2021 జూలై 1 నుంచి పేరుపేరునా కాకుండా ఈ కోవ రసాయనాలన్నిటినీ ఒకేసారి నిషేధించింది. అది సరైన అడుగే, అయినా ఆ నిర్వచనంలోకి రాని కొత్తవి తర్వాత మార్కెట్‌లోకి వచ్చాయి. కాబట్టి దొరికిన సరుకును పరీక్షించిన ఫలితం కోర్టు విచారణ దాకా ఫైల్లో పడి ఉండకూడదు. రోజుల్లోనే ఎమర్జెన్సీ వార్డులకు, స్కూళ్లకు, ప్రజలకు చేరాలి.

ఈ మత్తుకు ప్రత్యేకంగా విరుగుడు లేదు, లక్షణాలకే చికిత్స. అందుకే క్షణాలు విలువైనవి. స్పృహ తప్పినవాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అంబులెన్స్ పిలవాలి, మిగిలిన ప్యాకెట్ డాక్టర్ చేతికివ్వాలి. పక్కనున్న స్నేహితులు ఆ పని చేయకుండా పారిపోయేది పోలీసు కేసు భయంతోనే. ప్రాణం కాపాడటానికి ఫోన్ చేసినవాళ్ల మీద కేసు ఉండదని చట్టమే స్పష్టంగా చెప్పాలి.